ఏడో రాయి

"రెండు రోజులు లైటు కింద పెడితే తగ్గిపోతాదిలేమ్మా, ఇప్పుడు శానామంది బిడ్డలకు వచ్చేదే" అని చెప్పి నర్సు పిల్ల చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. అద్దం అవతల నా మనవరాలు కళ్ళకు గుడ్డ కట్టించుకుని నీలం వెలుగులో పడుకుని ఉంది. పుట్టి మూడు రోజులు. ఒళ్ళంతా పసుపు. నా కూతురు వార్డులో నిద్రపోతోంది, అల్లుడు కాఫీకి పోయాడు. ప్రొద్దుటూరులో ఇది పెద్ద ఆసుపత్రే, ఎవరికీ కంగారు లేదు. నాకు తప్ప.

నేను మామూలుగానే భయస్తురాలిని. గ్యాసు కట్టేసిందీ లేనిదీ మూడుసార్లు చూసుకుంటాను. తాళం వేసి వీధి చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి వస్తాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఆ భయం నన్ను ఎక్కడ పట్టుకుందో వాళ్ళకు తెలియదు. బెంచీ మీద నా పక్కనే కూర్చున్న మా చెల్లెలికి కూడా తెలియదు.

చెల్లెలంటే మా చిన్నమ్మ కూతురు. ఈ ఊళ్ళోనే రవికెలు కుడుతుంది, ఇద్దరు బిడ్డల తల్లి. ఆమెకు చెవులు వినపడవు. పుట్టుకతోనే వినపడవని అందరూ అంటారు. అది నిజం కాదు. పుట్టిన రోజు ఆమెకు వినపడింది. నేను చూశాను.

మా అమ్మమ్మను అవ్వ అనేవాళ్ళం. వాళ్ళ ఊరు పెద్దముడియం దగ్గర. రోజుకు రెండే బస్సులు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, రెండూ జమ్మలమడుగు దాకా. తాత పోయినాక అవ్వ, మామ కలిసి ఊళ్ళో అంగడి నడిపేవాళ్ళు. కిరసనాయిలు, బెల్లం, ఎండుమిరపకాయలు, గోనెసంచులు, అన్నీ కలిసిన ఒక వాసన ఆ ఇంటిది. ఇప్పటికీ ఏదైనా పాత కొట్టు ముందు నుంచి పోతే ఆ వాసన తగిలి కాళ్ళు ఆగిపోతాయి.

ఆ ఎండాకాలం సెలవులకు నన్ను ఒక్కదాన్నే అక్కడికి పంపారు. చిన్నమ్మకు తొలికాన్పు. మా అమ్మ రావలసింది, కానీ పెళ్ళిళ్ళ కాలం, ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి వదిలి కదిలే వీలు లేదు. "ఊయల ఊపడానికైనా పనికొస్తుంది" అని తొమ్మిదేళ్ళ నన్ను మామ వెంట బస్సెక్కించింది.

అవ్వ అప్పటికే బాలింత కాయం వండుతోంది. శొంఠి, పిప్పళ్ళు, వాము దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి తిప్పుతుంటే వీధి మొత్తానికి వాసన. నేను పొయ్యి పక్కనే తచ్చాడుతూ గరిటెకు అంటింది గీక్కుని తినేదాన్ని. రెండోసారి అవ్వ పట్టుకుంది.

"ఏమ్మే, అది బాలింత తినేది. నువ్వు తిన్యావంటే నిన్ను గూడా మంచమెక్కిచ్చాల."

"ఒక్క ముక్కే అవ్వా."

"మూతికంతా పూసుకోని ఒక్క ముక్కంటాది. పో, బాయి కాడికి పోయి మూతి కడుక్కో. నడిమధ్యాన్నం గాకముందే వచ్చేయాల, చెప్తాండా."

ఇంటి వెనక దిగుడుబావి. పదీ పదిహేను మెట్లు దిగితే నీళ్ళు. నీళ్ళకు పైన మూడో మెట్టు దగ్గర గోడలో ఒక గూడు, ఆ గూట్లో పసుపు పూసిన ఏడు గుండ్రాళ్ళు. అవి అక్కదేవతలు. నడిమధ్యాహ్నం వాళ్ళు స్నానాలు చేసే వేళ, అప్పుడు ఎవరూ బావిలోకి దిగకూడదు.

"వాళ్ళు ఇంద్రుని సభలో ఆడేటోళ్ళు మే" అని అవ్వ పేలాలు వేయిస్తూ చెప్పేది. "ఏడుగురు అక్కచెల్లెండ్లు. మన బాయి నీళ్ళు తియ్యగా ఉండాయని ఆకాశం నుంచి దిగొచ్చినారు. నీళ్ళాడతా ఆడతా పొద్దు మర్చిపోయినారు. తెల్లారినంక పైకి పోను దావ లేకపాయె. ఈడనే ఉండిపోయినారు."

"వాళ్ళమ్మ పిలవలేదా?"

"దేవకన్నెలకు అమ్మలుంటారా మే. అమ్మా లేదు, బిడ్డా లేదు. అందుకే పచ్చిబిడ్డను చూస్తే ఒళ్ళో పెట్టుకోవాలనుకుంటారు. మంచోళ్ళే. ఎత్తుకునేది తెలుసు, దించేది తెలీదు, అంతే."

ఆ మాట విన్న రోజు నుంచీ బావి వైపు చూడాలంటేనే నాకు గుబులు. అయినా చూడకుండా ఉండలేకపోయేదాన్ని. బావిలోంచి పసుపు వాసన వచ్చినట్టుండేది.

అంత గుబులున్నదాన్ని ఆ పని ఎట్లా చేశానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. చేయించింది అచ్చనగండ్ల ఆట. ఐదు గుండ్లు కావాలి దానికి. ఒకటి పైకెగరేసి, అది కిందికి వచ్చేలోపు మిగతావి ఏరి దాన్ని పట్టుకోవాలి. జమ్మలమడుగులో బస్సు మారేటప్పుడు మామను బతిమాలి పెన్నా ఏట్లోకి దిగి ఐదు నున్నటి గుండ్లు ఏరుకున్నాను. బస్సు దిగి చూసుకుంటే నాలుగే ఉన్నాయి. అవ్వ వాళ్ళ ఊరు నల్లరేగడి నేల. వేలితో ఎంత కెలికినా గులకరాయి దొరకదు. నాపరాళ్ళున్నాయి గానీ అవి పలకలు, ఆటకు పనికిరావు. ఎదురింటి పిల్ల నా నాలుగు గుండ్లూ చూసి మూతి తిప్పింది.

"నాలుగింటితో ఎట్ల ఆడతావు? పోయి ఇంగోటి తెచ్చుకోపో."

గూట్లో ఉన్న ఏడూ పెన్న గుండ్లే. ఎప్పుడో అవ్వ వాళ్ళత్త ఒళ్ళో కట్టుకుని తెచ్చిందట. ఆ మధ్యాహ్నం అవ్వ అంగట్లో బేరంలో ఉంది. నేను మెట్లు దిగి గూటి చివర ఉన్న దాన్ని తీసి నీళ్ళలో కడిగాను. పసుపంతా పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో కలిసింది. లోపల రాయి అచ్చం నా నాలుగింటి మాదిరే నల్లగా నున్నగా ఉంది. ఆరుగురున్నారు కదా, వాళ్ళకు ఒకరికొకరు తోడుంటారు, ఊరికి పోయేముందు మళ్ళీ పెట్టేస్తాను అనుకున్నాను. గుడ్డలో మూటకట్టి రొంటిన దోపుకున్నాను.

మరుసటి పొద్దున చిన్నమ్మ కానుపైంది. ఆడపిల్ల. మంత్రసాని బిడ్డకు నీళ్ళు పోసి చాప మీద పెట్టగానే చూద్దామని నేను తొందరపడి, కాలు తగిలి ఇత్తడి చెంబు దొర్లించాను. ఆ మోతకు బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి లేపి గుక్కపట్టింది. అవ్వ నా నెత్తిన ఒకటి మొట్టింది. మంత్రసాని నవ్వి, "ఏం కాలేదులేమ్మా, బిడ్డకు చెవులు బాగుండాయి" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

మూడో రోజు సాయంత్రం బిడ్డ కళ్ళు పచ్చబడ్డాయి. నాలుగో రోజు తెల్లారేసరికి ఒళ్ళంతా పసుపే. పాలు పట్టబోతే నోరు తెరవడం లేదు. వేపాకు, సాంబ్రాణి పొగ నిండిన ఆ గదిలో చిన్నమ్మ రొమ్ము పిండి చుక్కలు చుక్కలుగా బిడ్డ పెదాల మీద రాలుస్తోంది. మంత్రసాని బిడ్డ అరికాలు రుద్ది చూసి, "అక్కలు పసుపు పూసినట్టుండాదే" అని అవ్వతో మెల్లగా అంది.

మామ ఒప్పుకోలేదు. "ఇవి కామెర్లు మా. పొద్దున బస్సుకే పోదాం. జమ్మలమడుగులో కాకపోతే పొద్దుటూరులో చూపిద్దాం."

"పోదాం నాయినా" అంది అవ్వ. అవును, ముందు అట్లానే అంది. "గుడ్డలు సర్దు. నేను అక్కలకు పసుపు పెట్టి మొక్కోని వస్తా, పోదాం."

బావి నుంచి అవ్వ వచ్చేసరికి మామ సంచి భుజానేసుకుని నిలబడి ఉన్నాడు. అవ్వ గుమ్మం బయటే ఆగిపోయింది.

"ఆరుగురే ఉండారు" అంది.

"నీళ్ళల్లో పడింటాదిలే మా."

"ఇన్నేండ్లు పడనిది ఇప్పుడే పడ్తాదా? లేచొచ్చింది. ఇంట్లో ఉండాది. బిడ్డకు పసుపు ఎవురు పూసినారనుకుంటివి?"

"అయితే ఏమంటావు?"

"ఆయమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకోనుంటే పొలిమేర ఎట్ల దాటిచ్చేది? బిడ్డను తీస్కోని ఆయమ్మా దాటుతాది. మళ్ళ మన చేతికి రాదు. ముందు ఆయమ్మను బాయి కాడికి పంపియ్యాల."

పొద్దున బస్సు హారను మోగించి వెళ్ళిపోయింది. నేను గుమ్మం పక్కన నిలబడి రెండు చేతులతో రొంటిని పట్టుకుని ఉన్నాను. అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. అవ్వ రెండు దెబ్బలు వేసేది, అమ్మ నాలుగు వేసేది. కానీ దెబ్బల కంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది నన్ను. అవ్వ చెప్పింది నిజమే కదా. ఆయమ్మ ఇంట్లోనే ఉంది, నా రొంటిన ఉంది. నేను నోరు తెరిస్తే ఏం చేస్తుందో.

ఆ మధ్యాహ్నం అవ్వ చలిమిడి చేసి ఏడు ముద్దలు చేటలో పెట్టింది. పసుపు, కుంకుమ, ఏడు గాజులు. పురుటి గది గడప నుంచి బావి దాకా పసుపునీళ్ళు చల్లి దావ వేసింది. ఆ చేట నా చేతికిచ్చింది.

"కన్నెపిల్ల పట్టుకుంటే ఆయమ్మ ఎంబడొస్తాది. ఎనక్కి తిరిగి చూడకుండా నడువు మే."

నడిచాను. వెనక అవ్వా మంత్రసానీ "రా అక్కా, రా తల్లీ" అని పిలుస్తున్నారు. అడుగు వేసినప్పుడల్లా రొంటిలో గుండ్లు కటకట కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు వాళ్ళకు వినపడకూడదని ఒక్కో అడుగూ జారుస్తూ పోయాను. నేను భక్తితో అట్లా నడుస్తున్నానని మంత్రసాని మెచ్చుకుంది. చేట గూటి ముందు పెట్టాము. అందరి కళ్ళూ గూటి మీదే ఉంటే నేను రాయి తీసి పెట్టేదెట్లా? ఆరు ఆరుగానే ఉన్నాయి.

"రేపు నడిమధ్యాన్నం నీళ్ళాటకు వస్తాదేమో చూద్దాం" అంది అవ్వ. రెండింటి బస్సు కూడా పోయింది.

సాయంత్రం నేను గదిలోకి పోతే చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమెకు అప్పుడు ఇరవై కూడా ఉండవు.

"ఏమ్మే, పిల్లోళ్ళకు కనపడతారంట గదా. నీకేమన్నా కనపడిందా ఆయమ్మ?"

"లేదు చిన్నమ్మా" అన్నాను.

బతుకులో చాలా అబద్ధాలు చెప్పాను. అంగట్లో గిరాకీలకు చెప్పాను, మొగుడికి చెప్పాను. ఏదీ గుర్తులేదు. ఈ ఒక్కటీ మాత్రం ఏ పని చేస్తున్నా గుర్తొస్తుంది.

మరుసటి రోజుకు బిడ్డ ఏడవడం మానేసింది. మెడ వెనక్కి విరుచుకుంటోంది. మామ అవ్వతో మాట్లాడడం మానేసి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నడిమధ్యాహ్నం ఎండలో నేను ఒక్కదాన్నే బావిలోకి దిగాను. దిగకూడని వేళ అని తెలుసు. ఎవరూ రాని వేళ అదొక్కటే. మెట్టు మీద కూర్చుని మూట విప్పితే ఐదు గుండ్లున్నాయి. ఐదూ ఒక్కటే మాదిరి ఉన్నాయి.

అందులో ఆయమ్మ ఏదో నాకు తెలియలేదు. పసుపు వాసన వస్తుందేమోనని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒకే గుడ్డలో ఉన్నాయి కదా, అన్నిటికీ వాసన పట్టింది. నాలుకతో కూడా చూశాను. ఏడుపొచ్చేసింది. తప్పుది పెడితే ఆయమ్మ నా దగ్గరే ఉండిపోతుంది, బిడ్డను ఒళ్ళోంచి దించదు. చివరికి కళ్ళు మూసుకుని చేతికి వచ్చింది ఒకటి తీసి గూట్లో పెట్టి పైకి పరిగెత్తాను.

పై మెట్టు మీద పసుపు గిన్నె పట్టుకుని అవ్వ నిలబడి ఉంది.

నన్ను చూసింది. నా చేతిలో మూట చూసింది. నన్ను దాటుకుని కిందికి దిగింది. నేను పై నుంచి చూస్తూనే ఉన్నాను. ఆరు రాళ్ళు ఏళ్ళ తరబడి పట్టిన పసుపుతో మందంగా ఉన్నాయి, ఏడోది నల్లగా, కడిగినట్టుగా ఉంది. గుడ్డివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. అవ్వ దాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత గిన్నెలో పసుపంతా తీసి ఆ ఒక్క రాయికే పూసింది. మిగతావాటితో కలిసిపోయేదాకా పూసి, పైకి చూసి గట్టిగా కేక పెట్టింది.

"వచ్చిండాది! అక్క వచ్చిండాది! రేయ్ నాయినా, బస్సుకు టైమెంతాయె?"

రెండింటి బస్సులో చిన్నమ్మ, బిడ్డ, మామ, అవ్వ వెళ్ళారు. నన్ను మంత్రసాని దగ్గర వదిలారు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు, అక్కడి నుంచి కర్నూలు. అక్కడ బిడ్డకు రక్తం మార్చారట. పది రోజుల తర్వాత అందరూ తిరిగి వచ్చారు. బిడ్డ బతికింది. మామ అరుగు మీద కూర్చుని అడిగినవాళ్ళకల్లా అదే చెప్పాడు. "నిన్ననే తెచ్చింటే బాగుండు కదయ్యా, కామెర్లు తలకెక్కినాయి అన్న్యాడు డాక్టరు. నిన్న అంటే ఏం చెప్పేది?"

నిన్న. ఆ మాట నా చెవిలో పడిన చోటే ఉండిపోయింది.

నన్ను ప్రొద్దుటూరు బస్సెక్కించేటప్పుడు అవ్వ కాయం ముక్కలు పొట్లం కట్టి ఇచ్చింది. తల నిమిరి, "మిగిలిన గుండ్లు పారేయొద్దు మే. యాడన్నా పదిలంగా పెట్టుకో" అంది. అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఏడాదిన్నరకు తెలిసింది. పిల్ల వెనక పళ్ళెం పడేసినా తిరిగి చూడదు. పిల్ల ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అవ్వ రోజూ పడేసేది. సొట్టలు పడిన ఆ పళ్ళెం అవ్వ పోయేదాకా ఆ ఇంట్లో ఉంది. ఆ తర్వాత అక్కదేవతల కథ ఏ పిల్లకూ అవ్వ చెప్పగా నేను వినలేదు. చివరి రోజుల్లో మంచం మీద ఉండి నాతో అంది, "ఆ పొద్దు బస్సును పోగొట్టింది నేనే మే. ఎవురి తప్పూ గాదు." అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. నోరు తెరిచి, "రాయి తీసింది నేను కదవ్వా" అనడానికి ఎంత సేపు పడుతుంది? ఆమెకు తెలుసని నాకు తెలుసు. అయినా అనలేదు. కాళ్ళు పిసుకుతూ కూర్చున్నాను. ఆ తప్పు మొత్తం తన మీదే వేసుకుని ఆమె పోయింది, నేను పోనిచ్చాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. బావిని పూడ్చి పైన శెనగల గోడౌన్ కట్టారు. గూట్లో ఏడూ ఏమయ్యాయో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. నా నాలుగు మాత్రం బీరువాలో, చీరల కింద, అదే గుడ్డలో ఉన్నాయి.

చెల్లెలు నా మోచేయి తట్టింది. ఫోను నా మొహం ముందు పెట్టింది. మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని ఫోన్లలో మాట్లాడుకుంటాం. ఆమె చెవిటి పిల్లల బడిలో చదివింది. మా ఇంటి మాట ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు కాబట్టి మా కుటుంబం మొత్తంలో పుస్తకాల తెలుగు రాసేది ఆమె ఒక్కతే.

"అక్కా, నీ ముఖం ఎందుకు అలా అయినది? పాపకు నయమగును. భయపడకు."

ఆ "భయపడకు" చూశాక ఇంక ఆగలేకపోయాను. రాయడం మొదలుపెట్టాను. అల్లుడు కాఫీ తెచ్చి పక్కన పెట్టి పోయాడు, అది చల్లారిపోయింది. పెన్నలో గుండ్లు ఏరుకున్నది, గూట్లోది తీసింది, చెంబు మోతకు ఆమె ఉలిక్కిపడింది, చేట పట్టుకుని నడిచింది, చిన్నమ్మకు చెప్పిన అబద్ధం, అవ్వకు చెప్పనిది, అన్నీ రాశాను. పంపేముందు మూడుసార్లు చదువుకున్నాను. పంపాను.

ఆమె చదివింది. మళ్ళీ పైకి జరిపి మొదటి నుంచి చదివింది. నా వైపు చూడలేదు. అప్పుడే నర్సు నా మనవరాలిని పాలకని బయటికి తెచ్చింది. చెల్లెలు లేచి దగ్గరికి పోయి, బిడ్డ చెవి పక్కన రెండు చేతులూ ఒక్కసారి గట్టిగా చరిచింది. బిడ్డ ఉలిక్కిపడి చేతులు పైకి లేపి గుక్కపట్టింది.

"ఏందమ్మా, పచ్చిబిడ్డ కాడ ఆ చప్పుడు" అని నర్సు కసిరింది. ఆ కసురు ఆమెకు వినపడలేదు. తన చప్పుడూ వినపడలేదు. నా వైపు తిరిగి, నేనూ ఇట్లాగేనా అన్నట్టు కనుబొమ్మలెత్తి అడిగింది. నేను తల ఊపాను. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని ఫోను తీసింది.

"అవ్వ బ్రతికి ఉండగా నీవు ఆమెకు చెప్పి ఉండవలసినది."

అవునని రాయబోయాను. అంతలో ఇంకోటి వచ్చింది.

"ఆ రాళ్ళు రేపు తీసుకొని రా. నాకు ఆ ఆట ఎవరూ నేర్పలేదు."

"ఐదు ఉండాల. నా దగ్గర నాలుగే ఉండాయి" అని రాశాను.

"నాలుగింటితోనే నేర్పు."